సమస్యాపూరణం: “వైరి యడుగు తనకు వంతపాట”

నిర్వాహకుడు, హన్మకొండ:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం. ఒగ్గుకథలో వంత అందుకునేవాడు కథకుని జట్టువాడే, కథ రక్తి కట్టాలని కోరుకునేవాడే. మరి మనలను ఓడించడానికే బరిలోకి దిగినవాడు మన అడుగును ఎందుకు అందుకుంటాడన్నది పూరించవలసిన చిక్కు. యుద్ధవర్ణనలకు, రాజకీయాలకు పోకుండా ఆటస్థలానికే కట్టుబడి పూరించగలరని మనవి.

కరీంనగర్ మిత్రుని పూరణ:

కూతగాడు కదల గొలుసుగా వెనుకకున్
జరుగు నెదుటి వరుస జంకు లేక;
వాడు నిలువ నిలుచు, వాడేగ వెంటాడు;
వైరి యడుగు తనకు వంతపాట!

నిర్వాహకుడు:
నాలుగు పాదాల్లోనూ యతి చక్కగా కుదిరింది. కబడ్డీని ఎంచుకోవడమే సగం పూరణ. పురుషుల కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. కూతకు ఉన్న గడువు 30 సెకన్లు. కూతగాడు నడిగీత దాటి 3.75 మీటర్ల దూరంలోని బాక్ లైన్ (కూత చెల్లాలంటే దాటవలసిన గీత) వైపు వస్తున్నకొద్దీ అతని చేతికి అందకూడదని గొలుసు, అంటే చేతులు కలిపిన ఎదుటి జట్టు రక్షకుల వరుస, వెనక్కు తగ్గుతుంది, అతడు తిరుగుముఖం పట్టగానే చేజారిపోతాడేమోనని ముందుకు వస్తుంది. ఒకరికొకరు బద్ధశత్రువులైనా నేల మీద ఇద్దరి కదలిక ఒకే దిక్కుకు సాగుతుంది. ఇది స్నేహంతో కుదిరిన పొత్తు కాదు, ఎవరి భయం వారిని అలా నడిపిస్తుంది.

అభ్యంతరం మూడవ పాదంలో ఉంది. కూతగాడు నిలిచిన క్షణమే గొలుసు చివరన ఉండే కార్నర్ ఆటగాడు అతని మడమ మీదికి దూకడానికి చూసే క్షణం కాబట్టి, అప్పుడు గొలుసు ఊరకే నిలవదు. “వాడు నిలువ బొంచు” అంటే గణం చెడదు, ఆటా నిలుస్తుంది. పైగా కంటితో చూసినదానికి కాలు స్పందించడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. అందువల్ల మంచి రక్షకుడు కూతగాని పాదాన్ని చూసి కదలడు, నడుము వాలును బట్టి ముందే అంచనా కట్టి కదులుతాడు.

జగిత్యాల సోదరి పూరణ:

ఒకడు నడుమకేగ నొక్కండు మూలకు
బంతి వెంట నురికి పంతమునను
కొట్టి నడుమ జేర, గొనకేగు నవ్వాడు;
వైరి యడుగు తనకు వంతపాట!

నిర్వాహకుడు:
అమ్మా, ఇది స్క్వాష్ ఆటకు అచ్చమైన చిత్రం. 9.75 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు ఉన్న ఆ గదిలో ‘టీ’ అనే నడిమి చోటు ఇద్దరికీ కావాలి గాని ఇద్దరికీ ఒకేసారి దొరకదు. కొట్టినవాడు ఎదుటివానికి దారి వదిలి నడిమికి రావాలి, నడుమ ఉన్నవాడు మూలకు పోవాలి. మొదటి పూరణలో ఇద్దరిదీ ఒకే దిక్కు, ఇక్కడ ఎదురుబొదురు, అయినా రెండింటిలోనూ లయ తప్పడం లేదు.

1985లో హాకెన్, కెల్సో, బుంజ్ అనే శాస్త్రవేత్తలు ఒకే మనిషి రెండు చూపుడువేళ్ల ఊపును గణితంలో పెట్టారు. వేళ్లను ఎదురెదురుగా ఊపుతూ వేగం పెంచితే, ఒక హద్దు దాటగానే అవి తమంతట తామే ఒకే ఊపులోకి జారిపోతాయి. 1990లో ష్మిట్, కారెల్లో, టర్వే పక్కపక్కన కూర్చున్న ఇద్దరి చేత చెరొక కాలు ఊపించి చూస్తే అదే జరిగింది, ఆ ఇద్దరి మధ్య ఉన్న బంధం చూపు ఒక్కటే. స్క్వాష్‌లో వేగం పెరిగినా ఎదురులయ అలా కూలిపోకుండా బంతి కాపాడుతున్నదని నా అభిప్రాయం. అందుకే “బంతి వెంట నురికి” అన్న మాట ఈ పద్యానికి ప్రాణం.

పెద్దపల్లి సభ్యుడు:
నిర్వాహకులు గారికి నమస్కారం. కాళ్లు ఊపినవారిని కలిసి ఊపమని పరిశోధకులు అడిగారు. ఆటలో అలా అడిగేవారెవరూ లేరు, పైగా ఇద్దరూ ఆ లయను చెడగొట్టడానికే చూస్తారు. వేళ్ల లెక్కను కోర్టుకు అన్వయించడం న్యాయమేనా?

నిర్వాహకుడు:
సందేహం సరైనదే. 2005లో పాల్యూ, జానోన్ టెన్నిస్ ఆటగాళ్ల పక్కవాటు కదలికలను ఇదే పద్ధతిలో పరిశీలించినప్పుడు కుదిరిన లయలతో పాటు అవి తెగిన చోట్లనూ లెక్కలోకి తీసుకున్నారు. మూల నుంచి మూలకు కొట్టుకుంటున్నంతసేపు ఎవరి కుడికి వారు, ఎవరి ఎడమకు వారు పరుగెడతారు. ఒకడు గీత వెంబడి నిటారుగా కొట్టగానే ఆ పొందిక మారిపోతుంది. లయ కుదరడం ఎంత సహజమో దానిని తెంచాలని చూడడం ఆటకు అంత అవసరం. కింద వచ్చే నాలుగవ పూరణలో ఈ మాటే ఉంది.

నిర్మల్ మిత్రుని పూరణ:

రెండు జట్లు కలసి ఒక్కటై కదలంగ
గుంపు నడిమి చోటు గూడ జరుగు;
ఎవరు ముందొ యేమొ, యెవరు వెన్కనొ యేమొ,
వైరి యడుగు తనకు వంతపాట!

నిర్వాహకుడు:
మొదటి పాదంలో “రె”కు “ఒ”తో యతి చెల్లదు. “రెండు జట్లు నొక్క రీతిగా కదలంగ” అని సవరించుకోగలరు. భావం మాత్రం గట్టిది: ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టు ఆటగాళ్ల స్థానాలకు సగటు బిందువు కడితే, ఆ రెండు బిందువులు చాలాసేపు జంటగానే ముందుకూ వెనక్కూ సాగుతాయి. మూడవ పాదం ఎంతో హాయిగా నడిచింది.

వరంగల్ సభ్యుని పూరణ:

తాళ మొకటి కాగ దప్పించు వాడెరా
గెలుపు నందువాడు కీలెఱింగి;
అడుగు నాపినపుడు నాగిపోవక సాగు
వైరి యడుగు తనకు వంతపాట!

నిర్వాహకుడు:
ఈ వారం నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ ఇది. “సాగు” అన్న విశేషణం సమస్యాపాదాన్ని అందుకున్న తీరు వల్ల అంతవరకు నింద వలె ఉన్న వంతపాట కబడ్డీ కూతగానికి ఆయుధమైంది. రెండు మూడు సార్లు ఒకే వైపు అడుగు వేసి గొలుసును తన లయకు అలవాటు చేసి, తరువాత అడుగును సగంలో ఆపితే, పైన చెప్పిన ఆ 0.2 సెకనులో గొలుసు ఇంకా పాత దిక్కుకే పోతూ ఉంటుంది. బొటనవేలితో తాకి రావడానికి ఆ జాగా చాలు. “వాడెరా” అన్న సంబోధన ఎవరికో తెలియడం లేదు కనుక “వాడెపో” అంటే నిండుగా ఉంటుంది.

వరంగల్ సభ్యుడు:
“వాడెపో” అన్న సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. ఒక్క విన్నపం: పద్యంలో “తనకు” అన్నది కూతగానికే చెందదు. గొలుసు కూడా కావాలని ఒక అడుగు ఆలస్యంగా వెనక్కు తగ్గి, ఇంకొంచెం లోపలికి పోవచ్చునన్న ఆశ కూతగానికి పుట్టించి, అతని అడుగును తనకు వంతగా మార్చుకుంటుంది. గొలుసు పక్షాన మరొక పూరణ పంపుతాను.