క్లాసులో పిల్లల్ని జతలుగా కూర్చోబెట్టడం: పడిన జతలే మళ్లీ పడుతున్నాయి, కాస్త సాయం చేయండి

సుద్దముక్క:
అందరికీ నమస్కారం. సాయంత్రం నుంచి దీనితోనే కూర్చున్నాను, పదకొండు దాటింది, తల పగిలిపోతోంది. ఎనిమిదో తరగతికి ఇంగ్లీషులో ఇద్దరిద్దరి చేత మాట్లాడిస్తున్నాను. రోజూ కొత్త జత రావాలి, ఒకసారి వచ్చిన జత మళ్లీ రాకూడదు. నాకు కావాల్సింది ఇంతే. కంప్యూటర్ షీట్‌లో పేర్లన్నీ ఎక్కించి, పక్కన ఏదో ఒక అంకె దానంతటదే వేసే ర్యాండ్ ఫార్ములా పెట్టి, దాన్ని బట్టి వరుస మార్చి ఇద్దరిద్దరిని తీసుకుంటున్నాను. ఏ గడిలో ఏం టైప్ చేసినా అంకెలన్నీ తారుమారవుతున్నాయి. నిన్నటి లిస్టు ఏదో ఇవాళ్టిది ఏదో తెలియట్లేదు. పైగా మొన్న కలిసి కూర్చున్నవాళ్లే ఇవాళ మళ్లీ పడ్డారు. పిల్లలు "మళ్లీ మేమేనా మేడమ్" అని నవ్వుతున్నారు. క్లాసులో ఎవరు ఎవరి పక్కనో చదివి సర్దేసరికి పది నిమిషాలు పోతోంది. తేలిక దారి ఉంటే చెప్పండి ప్లీజ్.

బ్యాక్‌బెంచ్:
ఎంతమంది పిల్లలు?

కొత్త డీఎస్సీ:
మేడమ్, షీట్ సంగతి చాలా సింపుల్. అంకెలు వచ్చిన ఆ నిలువు వరుసను కాపీ చేసి, అక్కడే వాల్యూస్ మాత్రమే పేస్ట్ చేయండి. గూగుల్ షీట్స్ అయితే కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కండి. ఫార్ములా పోయి అంకెలు అలాగే ఉండిపోతాయి. షీట్‌లో ఎక్కడ ఏ మార్పు చేసినా ర్యాండ్ మళ్లీ మొదటి నుంచి లెక్క వేస్తుంది, దాని పద్ధతే అంత. రోజుకో ట్యాబ్ పెట్టి పైన తేదీ రాసుకుంటే నిన్నటిది పోదు.

పాతబడి:
అమ్మా, ఈ షీట్లూ ఫార్ములాలూ లేని రోజుల్లోనే మన వీధి బడుల్లో ఈ పని జరిగింది. పెద్ద పిల్లాడు చిన్న పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇసుకలో గుణింతాలు దిద్దించేవాడు. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ దొర 1789 నుంచి మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం చూసుకున్నాడు. ఇక్కడి బడిలో పిల్లలు ఇసుక మీద వేలితో రాయడం చూసి తన దగ్గరా మొదలుపెట్టాడు. వచ్చిన పిల్లల చేత రాని పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేస్తే అక్కడివాళ్లు దాన్ని మద్రాసు పద్ధతి అన్నారు. తర్వాత లాంకస్టర్ అనే ఇంకొకాయన అదే పద్ధతి నాదంటే నాదని పేచీ. మన అరుగుల మీది చదువు దొరల సీమకు వెళ్లి పేరు మార్చుకుని తిరిగొచ్చిందన్నమాట. ఇప్పుడు మనకే ట్రైనింగులు పెట్టి నేర్పుతున్నారు.

బ్యాక్‌బెంచ్:
మాస్టారూ, ఆవిడ అడిగింది జత మళ్లీ పడకుండా ఎలా అని.

పాతబడి:
అక్కడికే వస్తున్నాను నాయనా. రోజూ జత మార్చాలని ఎవరన్నారు? ఇద్దరికి ఒకరి మాట ఒకరికి అలవాటు కావడానికే వారం పడుతుంది. నన్నడిగితే నెలకోసారి మార్చండి.

సుద్దముక్క:
సర్, నెలకోసారి అయితే కబుర్లే. ముందు అలాగే ఉంచాను, రెండో వారానికే ఒకరు మాట్లాడతారు, ఇంకొకరు తలూపుతారు. అందుకే రోజూ మార్చాలనుకుంటున్నాను.

లెక్కల మాస్టారు:
మేడమ్, అసలు తంటా ఆ ఫార్ములాలో లేదు, ర్యాండమ్‌గా తీయడంలో ఉంది. ర్యాండమ్ అంటే మళ్లీ పడకపోవడం కాదు. మీ సంఖ్య చెప్పలేదు కాబట్టి 36 మంది అనుకుందాం, 18 జతలు. నిన్నటి తోడే ఇవాళ కూడా పడే అవకాశం ఒక్కో పిల్లకు 35లో 1. తక్కువే కదా అనిపిస్తుంది. క్లాసు మొత్తంలో కనీసం ఒక్క జతైనా నిన్నటిదే పడే అవకాశం మాత్రం 40 శాతం దాకా ఉంటుంది. పదకొండో రోజుకి వచ్చేసరికి 18లో సగటున నాలుగైదు జతలు అంతకు ముందు ఎప్పుడో కూర్చున్నవే అయి ఉంటాయి. కాబట్టి లిస్టు ఎంత కలిపినా లాభం లేదు. తిప్పాలి.

కొత్త డీఎస్సీ:
సర్, ర్యాండమ్ అంటే అందరికీ సమాన అవకాశం అనే కదా. వచ్చిన పాత జతల్ని పక్కన పెట్టి మళ్లీ తీస్తే అయిపోతుంది. నేను స్క్రిప్ట్ రాసిస్తాను.

లెక్కల మాస్టారు:
పక్కన పెట్టి తీస్తే అది ర్యాండమ్ ఎలా అవుతుంది బాబూ? చివరి రోజులకు వచ్చేసరికి మిగిలినవాళ్లు ఒకరితో ఒకరు కుదరక మీ స్క్రిప్ట్ తిరుగుతూనే ఉంటుంది.

కొత్త డీఎస్సీ:
తిరిగితే తిరగనివ్వండి సర్, కంప్యూటర్‌కి ఏం పోయింది. వాడుకలో అందరూ దాన్ని ర్యాండమ్ అనే అంటారు.

బ్యాక్‌బెంచ్:
పేరు తర్వాత తేల్చుకోండి. తిప్పడం ఎలాగో చెప్పండి.

లెక్కల మాస్టారు:
ఆటల పోటీల్లో ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడేలా డ్రా వేస్తారే, అదే పద్ధతి. ఆరుగురితో చూపిస్తాను.

పై వరుస: 1 2 3
కింది వరుస: 6 5 4

పైనా కిందా ఎదురెదురుగా ఉన్నవాళ్లు జత. మొదటి రోజు 1-6, 2-5, 3-4. రెండో రోజు 1 కదలడు. మిగిలిన అయిదుగురూ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో చోటు జరుగుతారు. అంటే 6 పైకి ఎక్కి 1 పక్కకు వస్తాడు, 3 కిందికి దిగుతాడు.

పై వరుస: 1 6 2
కింది వరుస: 5 4 3

ఇప్పుడు 1-5, 6-4, 2-3. ఇలా అయిదు రోజులు తిప్పితే మొత్తం 15 జతలూ ఒక్కోసారి వస్తాయి, ఏదీ రెండుసార్లు రాదు. 36 మంది అయితే 35 రోజులు, 630 జతలు. షీటే అక్కర్లేదు. అట్ట ముక్కల మీద రోల్ నంబర్లు రాసి బల్ల మీద పేర్చి రోజూ ఒక చోటు జరపండి.

ఈ జతల లెక్కలకు పెద్ద చరిత్రే ఉంది. 1850లో ఇంగ్లండులో కిర్క్‌మన్ అనే చర్చి గురువు ఒక ప్రశ్న వేశాడు. 15 మంది బడి ఆడపిల్లలు ముగ్గురు ముగ్గురుగా వారం రోజులు నడకకు వెళ్లాలి, ఏ ఇద్దరూ రెండోసారి ఒకే వరుసలో పడకూడదు. కుదురుతుంది! ముగ్గురేసి చేసే పని ఉన్నప్పుడు అది కూడా చెబుతాను.

సుద్దముక్క:
సర్, ఇది బాగుంది. కానీ మా వాళ్లు 37 మంది.

బ్యాక్‌బెంచ్:
మొదట అడిగింది అదే.

సుద్దముక్క:
37 అయితే ఏం, 38 అయితే ఏం, ఎటూ రోజూ అందరూ రారు కదండీ. ఇవాళ 31 మందే వచ్చారు.

లెక్కల మాస్టారు:
బేసి సంఖ్య అయితే ఒక ఖాళీ చీటీ కలపండి, 38 అవుతుంది. ఆ ఖాళీ చీటీనే కదలని చోట పెట్టండి. దాని ఎదురుగా వచ్చిన పిల్లాడు ఆ రోజు ఒంటరి, వాణ్ని ఏదో ఒక జతలో మూడోవాడిగా కలపండి. 37 రోజుల్లో ప్రతి ఒక్కరికీ ఆ వంతు ఒక్కసారే వస్తుంది, ఎప్పుడూ నన్నే విడగొడతారని ఎవరూ మూతి ముడవరు. రానివాళ్ల కోసం చీటీలు మళ్లీ పేర్చవద్దు. తోడు రాని ఇద్దర్ని ఆ పూటకు కలిపేయండి, మర్నాడు తిప్పడం మామూలుగానే.

ఆరో పీరియడ్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేనూ ఇంగ్లీషే. జత మళ్లీ పడకూడదు అన్నదాని కంటే ఎవరి పక్కన ఎవరు అన్నది ముఖ్యం కాదా? నేను ఎఫ్‌ఏ-1 (మొదటి ఫార్మేటివ్ పరీక్ష) మార్కుల్ని బట్టి వరుస పెట్టి, మధ్యకు కోసి, ఒకటో వాణ్ని పంతొమ్మిదో వాడితో, రెండో వాణ్ని ఇరవయ్యో వాడితో వేస్తాను. ఒకటో వాణ్ని ఆఖరి వాడితో వేయకూడదు. అలా వేస్తే వీడు జవాబంతా చెప్పేస్తాడు, స్లో లెర్నర్ నోరే తెరవడు.

పాతబడి:
స్లో లెర్నర్ అనే మాట రాయకండమ్మా. పిల్లాడి నెత్తిన ముద్ర వేసినట్టే.

ఆరో పీరియడ్:
సర్, ఇక్కడ మనలో మనం అనుకునే మాట. పిల్లల ముందు అనను. పై నుంచి వచ్చే ఫార్మాట్లలో కాలమ్ పేరే అది, నేనేం కనిపెట్టలేదు.

పాతబడి:
ఫార్మాట్‌లో ఉందని మనమూ అనాలా? మా రోజుల్లో "ఇంకా పట్టుబడని పిల్లలు" అని రాసేవాళ్లం.

కొత్త డీఎస్సీ:
అది కాలమ్‌లో పట్టదు సర్ 🙂

ఆరో పీరియడ్:
ఏదైతేనేం. మేడమ్, పని బట్టి చూసుకోండి. ఒకరి గురించి ఒకరు అడిగి తెలుసుకునే పని అయితే తిప్పే పద్ధతి బాగుంటుంది, కొత్త మనిషి దొరికితేనే అడగడానికి ఏమైనా ఉంటుంది. పాఠం చదివి ప్రశ్నలకు జవాబు రాసే పనైతే మార్కుల జతే మేలు. ఇంకో మాట, జత కుదరగానే మాట్లాడమనకండి. ముందు ఒక నిమిషం ఎవరికి వారు ఆలోచించుకుని నోట్సులో రెండు మాటలు రాసుకోవాలి, ఆ తర్వాత పక్కవాళ్లతో, ఆ తర్వాతే క్లాసుకు. ఫ్రాంక్ లైమన్ 1981లో చెప్పిన మూడు మెట్ల పద్ధతి అది. ఆ ఒక్క నిమిషం ఇస్తే తలూపేవాళ్లు కూడా ఏదో ఒకటి అంటారు.

సుద్దముక్క:
థాంక్యూ మేడమ్, ఆ నిమిషం నేను ఇవ్వట్లేదు. రేపు చూస్తాను. లెక్కల మాస్టారూ, చీటీలు 38 పేర్చి చూశాను. మొదటి రోజుకే పదికి పైగా జతలు అబ్బాయీ అమ్మాయీ పడ్డారు. ఇది ఎలా?

లెక్కల మాస్టారు:
పడితే ఏం?

సుద్దముక్క:
సర్, ఎనిమిదో తరగతి, పల్లెటూరు. పక్కపక్కన కూర్చోబెడితే తల వంచుకుని ఉంటారు, ఒక్క మాట రాదు. వెనక నుంచి ఈలలు. అందుకే వేరేగా వేస్తున్నాను. ఇది అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు.

కొత్త డీఎస్సీ:
మేడమ్, అలా విడదీయడమే తప్పు కదా. ఇప్పుడు అలవాటు చేయకపోతే ఇంకెప్పుడు? మా స్కూల్లో కలిపే కూర్చోబెడుతున్నాం.

ఆరో పీరియడ్:
మీది టౌన్ అనుకుంటాను. మా దగ్గర రెండో రోజే ఒక అమ్మాయి వాళ్ల నాన్న గేటు దగ్గర నిలబడ్డాడు. ముందు నలుగురేసి గుంపులుగా, ఇద్దరు వీళ్లు ఇద్దరు వాళ్లు, అలా ఒక నెల నడిపించి చూడండి. ఒక్కసారిగా జత వద్దు.

బ్యాక్‌బెంచ్:
అబ్బాయిలు ఎంతమంది, అమ్మాయిలు ఎంతమంది?

సుద్దముక్క:
21 అమ్మాయిలు, 16 అబ్బాయిలు.

లెక్కల మాస్టారు:
అయితే రెండు వలయాలు పెట్టండి. అబ్బాయిలు సరి సంఖ్య, ఖాళీ చీటీ అక్కర్లేదు, 15 రోజుల్లో ఒక చుట్టు. అమ్మాయిలకు ఖాళీ చీటీతో 22, చుట్టు 21 రోజులు. రెండూ ఒకే రోజు ముగియవు, ఏం ఫర్వాలేదు, దేనికదే తిరుగుతుంది. రేపటి జతలు ఇవాళ సాయంత్రమే రోల్ నంబర్లతో చార్టు మీద రాసి తలుపు పక్కన అంటించండి. మీరు క్లాసులోకి వచ్చేసరికి కూర్చుని ఉంటారు. ఆ పది నిమిషాలు జతలు వెతకడంలో పోవట్లేదు, మీరు పేర్లు చదవడంలో పోతున్నాయి.

ఆరో పీరియడ్:
డెస్కులు ముగ్గురివా? ముగ్గురివైతే పక్కపక్కన జత కుదరదు, మధ్యవాడు ఇద్దరితో కబుర్లు పెడతాడు. ముందు డెస్కు వాళ్లను వెనక్కి తిప్పి కూర్చోబెట్టండి, మూడు జతలు ముఖాముఖి వస్తాయి. ఎవరూ లేచి నడవక్కర్లేదు. తొందరగా ఉన్న రోజు ముందు డెస్కులవాళ్లు మాత్రమే ఒక్కో సీటు పక్కకు జరిగితే కొత్త జతలు. ముందు వరుసవాళ్లు తమలో తాము, వెనక వరుసవాళ్లు తమలో తాము ఎప్పటికీ కలవరు, అదొక్కటే లోటు.

పాతబడి:
చూశారా, తిరిగి తిరిగి అరుగు మీద ఎదురెదురుగా కూర్చోబెట్టడానికే వచ్చారు.

సుద్దముక్క:
సరే, రెండు వలయాలే పెడతాను. చీటీలు కోస్తున్నాను. థాంక్స్ అందరికీ.

బ్యాక్‌బెంచ్:
డెస్కులు నేలకు బిగించినవా, కదిలేవా?

కొత్త డీఎస్సీ:
లెక్కల మాస్టారూ, స్క్రిప్ట్ రాశాను, 38 మందికి చివరి రోజుల దగ్గర ఆగిపోతోంది. మీ తిప్పుడు పద్ధతిని షీట్ ఫార్ములాగా రాయవచ్చా?

ఒకే టీచర్:
మాది ప్రైమరీ స్కూలు. 1 నుంచి 5 వరకు మొత్తం 19 మంది, నేనొక్కడినే. మూడో తరగతిలో ఒక్క పిల్లాడే ఉన్నాడు. వాణ్ని ఎవరితో జత చేయమంటారు?