టెంపో ట్రావెలర్‌లో ఫ్రిజ్ రాత్రీపగలూ ఆగకుండా నడవాలంటే లిథియం బ్యాటరీ ఎంతది, ప్యానెళ్లు ఎన్ని?

తిరుచానూరు బండి

అందరికీ నమస్కారం. మా నాయన ఆర్టీసీలో 29 ఏళ్లు డ్రైవర్‌గా చేశాడు, ఎక్కువ కాలం కొండ మీదికే. రిటైరైనాక ఆయనకు ఒకటే కోరిక, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని సొంత బండిలో కాశీ పోయి రావాలని. పోయిన నెల పాత టెంపో ట్రావెలర్ కొన్నాం. వెనక సీట్లు తీసేసి రెండు మంచాలు, చిన్న వంటగట్టు పెట్టిస్తున్నాం.

అమ్మ ఇన్సులిన్ వాడుతుంది. అందుకే ఫ్రిజ్ ఒక్క పూట కూడా ఆగకూడదు. నా టెన్షన్ అంతా అదే. అది కాక రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు, మిక్సీ, ఇండక్షన్ స్టవ్ ఉంటాయి. హోటల్ తిండి అమ్మకు పడదు, సంగటి, పప్పు బండిలోనే వండుకోవాలి.

ఒక షాపులో 150 ఏహెచ్ (ఎంత కరెంటు నిలవ ఉంటుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే యాసిడ్ బ్యాటరీలు రెండు, 540 వాట్ల ప్యానెళ్లు రెండు వేయమన్నారు. ఇంకో షాపులో 100 ఏహెచ్ లిథియం ఒకటి చాలన్నారు. మాకు రోజుకు ఎంత కరెంటు కావాలో ఇద్దరూ అడగలేదు. ఎవరి మాట వినాలి?

పాకాల మామిడితోట

తమ్ముడూ, వాళ్లు అడగని ఆ లెక్కే ముందు చూద్దాం. మూడేళ్ల కింద నేనూ ఇలాంటి బండే కట్టించుకున్నా. కాయ కోతలు అయిపోగానే ఇంటిల్లిపాదీ తిరుగుతాం. మీటరు పెట్టి చూసిన లెక్క చెబుతా.

12 వోల్టుల 45 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ మన ఎండాకాలంలో రోజుకు 0.6 యూనిట్ దాకా తీసుకుంటుంది. 25 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే అర యూనిట్. లైట్లు, ఫోన్లు, మిక్సీ, నీళ్ల మోటారు కలిపి 0.3. అంతా కలిపి 1.4 యూనిట్లు. ఇండక్షన్ స్టవ్ 1500 వాట్లతో గంటసేపు వాడావంటే అదొక్కటే ఇంకో 1.5 యూనిట్లు. ఆ ఒక్క సామాను కోసం బ్యాటరీ, ఇన్వర్టర్, వైర్లు అన్నీ రెట్టింపు కొనాలి. పైగా ఆ గాజు పలక మీద గిన్నె అదిమిపెట్టి సంగటి కెలకడం అయ్యే పని కాదు. చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకోండి, వండేటప్పుడు తలుపు తీసి ఉంచండి.

ట్యూబులర్ వద్దు. రెండూ కలిపి వంద కిలోలు దాటతాయి. సగానికంటే ఎక్కువ వాడితే వాటి ఆయుష్షు తగ్గుతుంది. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ గ్యాస్ వదులుతాయి, మీ అమ్మానాన్నలు పడుకునే చోట అది ఉండకూడదు.

12.8 వోల్టుల 200 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ (లిథియంలో ఒక రకం) బ్యాటరీ తీసుకో. 2.56 యూనిట్లు నిలవ, అందులో 2.3 దాకా ధైర్యంగా వాడొచ్చు. ఎండ లేకపోయినా ఒకటిన్నర రోజు గడుస్తుంది. కొనేటప్పుడు లోపలి బీఎంఎస్ (లోడు, వేడి ఎక్కువైతే కట్ చేసి బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఎన్ని ఆంపియర్లు మోస్తుందో అడుగు. నేను మొదట కొన్నదానికి 50 ఆంపియర్ల బీఎంఎస్ ఉందని షాపులో చెప్పలేదు, మిక్సీ వేసిన ప్రతిసారీ కట్ అయ్యేది. నీకు 100 ఆంపియర్లకు తగ్గకూడదు.

ఇంకో మాట, ఇది మా బండిలోనే జరిగింది. బ్యాటరీని ఇంజన్ వేడి తగిలే చోట, మూసేసిన రేకు పెట్టెలో పెట్టించా. మే నెలలో శ్రీకాళహస్తిలో బండి ఎండలో ఆపి దర్శనానికి పోయి వచ్చేసరికి, వేడికి బీఎంఎస్ కట్ చేసేసింది. ఫ్రిజ్ ఆగిపోయి పాలు, పెరుగు పాడయ్యాయి. మాకు పోయింది పాలే. మీ ఫ్రిజ్‌లో ఉండేది మందు. ఇంటర్నెట్‌లో అందరూ సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయొద్దని రాస్తారు. మన ఊళ్లలో భయపడాల్సింది వేడికి, 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ మంచిది కాదు. వెనక మంచం కింద, రెండు వైపులా గాలి ఆడేలా పెట్టించు.

రేణిగుంట ఎలక్ట్రికల్

పాకాల అన్న లెక్క సరిగ్గా ఉంది. ప్యానెల్ సంగతి నేను చెబుతాను.

540 వాట్ల ప్యానెల్ ఒకటి చాలు. పొడవు 2.27 మీటర్లు, వెడల్పు 1.13, బరువు దాదాపు 28 కిలోలు. టాప్‌కు అతికించకుండా రెండు మూడు అంగుళాల ఖాళీతో బిగించండి. వేడెక్కే కొద్దీ ప్యానెల్ పవర్ తగ్గుతుంది, 65 డిగ్రీలకు చేరితే వందకు 14 వంతుల దాకా పోతుంది. అన్నీ పోను మంచి ఎండ రోజున 1.8 యూనిట్ల దాకా వస్తుంది.

కార్తీక మాసంలో మనకు ముసురు పడితే అర యూనిట్ కూడా రాకపోవచ్చు. కాబట్టి రెండో ప్యానెల్ డబ్బులు 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్‌కు, అంటే బండి నడిచేటప్పుడు ఇంజన్ వైపు కరెంటుతో ఈ బ్యాటరీని చార్జ్ చేసేదానికి పెట్టండి. బండి రెండు గంటలు నడిస్తే 0.8 యూనిట్ ఎక్కుతుంది. ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) నుంచి లిథియంకు నేరుగా వైరు మాత్రం లాగనివ్వకండి. ఆల్టర్నేటర్ ఎంతిస్తే అంత బ్యాటరీ లాగేసుకుంటుంది, ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు.

ఎప్పుడైనా రెండో ప్యానెల్ వేస్తే 100 వోల్టుల దాకా తట్టుకునే కంట్రోలర్‌కు (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి సర్ది పంపేది) సీరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలపొద్దు. ఒక్కోటి దాదాపు 49.5 వోల్టులు, రెండు కలిస్తే 99. చలికి వోల్టేజ్ పెరుగుతుంది. హార్స్‌లీ హిల్స్‌లో ఒక డిసెంబరు పొద్దున చాలు కంట్రోలర్ పోవడానికి.

బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజ్ ఉండాలి. ఫ్రిజ్‌ను ఇన్వర్టర్ మీద కాకుండా నేరుగా 12 వోల్టులకే ఇవ్వండి. సీట్లు తీసేశారు కాబట్టి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్సీలో మార్పు రాయించుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి.

తిరుచానూరు బండి

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. ఇండక్షన్ మానేశాం, గ్యాస్ అంటే అమ్మే ఎక్కువ సంతోషించింది. 200 ఏహెచ్ ఒకటి, ప్యానెల్ ఒకటి, డీసీ-డీసీ చార్జర్ అనుకుంటున్నాం. కాశీకి ముందు తలకోనలో రెండు రాత్రులు ఉండి చూస్తాం. ఒకవేళ అన్నీ ఆగిపోతే ఇన్సులిన్‌కు ఏం చేయాలి?

రేణిగుంట ఎలక్ట్రికల్

చిన్న మట్టికుండ, ఇసుక వెంట ఉంచుకోండి. ఇసుక తడిపి, మందును డబ్బాలో పెట్టి అందులో ఉంచి, తడిగుడ్డ కప్పితే ఒకటి రెండు రోజులు గడుస్తుంది. ఫ్రిజ్‌లో చిన్న థర్మామీటర్ పెట్టండి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లదనం పుట్టే పలకకు సీసా ఆనించొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. తలకోనకు పోయేటప్పుడు థర్మామీటర్ పెట్టుకుని, తెల్లవారుజామున ఒకసారి లేచి చూడండి.