నిలబెట్టి బీపీ చూసుడు ఇంట్లో చేయొచ్చా, డాక్టర్ దగ్గరే చేయించాలా?

దేవరకొండ బిడ్డ:
మా నాయనకు 68 ఏండ్లు. పదిహేనేండ్ల నుంచి షుగర్, బీపీకి కూడా గోళీలు వాడుతున్నాడు. నెల రోజులుగా పొద్దున మంచం దిగగానే కండ్లు తిరిగి గోడ పట్టుకుంటున్నాడు. దవాఖానాలో కూర్చోబెట్టి చూస్తే 138/82. మంచిగనే ఉందన్నారు. ఇంటికొచ్చి మా మిషన్‌తో పడుకోబెట్టి చూస్తే 142/84, నిలబడ్డ నిమిషానికి 112/70. మా అన్నేమో ‘మిషన్ పట్టుకొని లేని రోగం తెచ్చిపెట్టకు’ అని కోపం చేస్తున్నాడు. మీరేమంటారు?

పాలమూరు పెద్దన్న:
మీ అన్న చెప్పిందే నిజం. మా గల్లీలో ఒకాయన రోజుకు పదిసార్లు బీపీ చూసుకుంటాడు. ఆ టెన్షన్‌కే 150 దాటుతుంది! ఈ ఎండలకు నీళ్లు తక్కువైతే ఎవరికైనా కండ్లు తిరుగుతాయి. ఉప్పేసిన మజ్జిగ తాగించు, అయిపోతది.

నాగర్‌కర్నూల్ సిస్టర్ (20 ఏండ్ల డ్యూటీ):
అన్నా, ఊరికే చూసుకునుడు వేరు, నిలబెట్టి చూసుడు వేరు. మనం లేవగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. నరాలు వెంటనే రక్తనాళాలను బిగబట్టాలి. షుగర్ పాతబడితే ఆ నరాలే దెబ్బతినొచ్చు. నిలబడ్డ 3 నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే పట్టించుకోవాల్సిందే. ఇక్కడ పై అంకె 30 పడింది. కూర్చోబెడితే ఇది దొరక్కపోవచ్చు.

బీపీ పేషెంటుకు ఉప్పు మజ్జిగ సలహా మాత్రం వద్దన్నా, డాక్టర్ చెప్తేనే.

తమ్మీ, మళ్లీ చూడు. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ, పల్స్ రాయి. నిలబెట్టి 1వ నిమిషం, 3వ నిమిషం రాయి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. కిందికి వేలాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది, పడిపోయింది దాగిపోతుంది. పక్కన మనిషి, వెనక మంచం ఉండాలి. తూలితే వెంటనే పడుకోబెట్టు, అంకె కోసం ఆగకు.

మిర్యాలగూడ అమ్మాయి:
అక్కా, నాకు బీపీ పడదు, పల్స్ ఎగురుతుంది. పడుకుంటే 76, నిలబడ్డ ఐదో నిమిషానికి 118. నాకు 22 ఏండ్లు. ఏడాది నుంచి ‘చదువు టెన్షన్’ అంటున్నారు.

పాలమూరు పెద్దన్న:
చేతికి వాచీ పెట్టుకున్న పిల్లలందరిదీ ఇదే కథ.

నాగర్‌కర్నూల్ సిస్టర్:
అట్ల కొట్టిపారేయొద్దన్నా. బీపీ పడకుండా 10 నిమిషాల్లోపు పల్స్ 30కి పైగా పెరిగి, అట్లనే ఉండి, 3 నెలలు దాటి బాధపెడితే పాట్స్ (నిలబడితే పల్స్ ఎగిరే జబ్బు) అని అనుమానిస్తారు. 12 నుంచి 19 ఏండ్ల వాళ్లకైతే 40 పెరగాలి. కానీ చెల్లీ, రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఉన్నా పల్స్ ఇట్లనే పరుగెత్తుతుంది. ముందు ఆ టెస్టులు అడుగు. రోగం పేరు నువ్వే పెట్టుకోకు.

దేవరకొండ బిడ్డ:
సిస్టర్, మూడు పొద్దులు చూసినా, నిలబడితే పై అంకె ప్రతిసారీ 25 అయినా పడింది. పల్స్ మాత్రం 4 పెరిగింది అంతే. బీపీ గోళీ ఆపాలా?

నాగర్‌కర్నూల్ సిస్టర్:
నీ అంతట నువ్వు ఆపొద్దు. బీపీ అంత పడినా పల్స్ కదలకపోతే నరాల మీద అనుమానం. ఆ కాగితం, ఇంట్లో ఉన్న గోళీలన్నీ సంచిలో వేసుకొని ఈ వారమే డాక్టర్ దగ్గరికి పో. అప్పటిదాకా మంచం అంచున రెండు నిమిషాలు కూర్చున్నాకే లేవమను.

దేవరకొండ బిడ్డ:
పోయొచ్చినం. డాక్టర్ కాగితం చూసి, తానే నిలబెట్టి చూశాడు. సంచిలో మాకు తెలియని గోళీ దొరికింది. మూత్రం సాఫీగా రావాలని వేరే డాక్టర్ నెల కింద రాసిచ్చాడట, నాయన సిగ్గుపడి మాకు చెప్పలేదు! దానికీ బీపీ పడుతుందట. దాన్ని మార్చి, నరాల పరీక్షకు రాశాడు. అన్న ఏమీ అనలేదు, మిషన్‌కు కొత్త సెల్స్ తెచ్చాడు.

పాలమూరు పెద్దన్న:
సరే తమ్మీ, రేపు మా అమ్మకు కూడా నిలబెట్టి చూస్తా. ఒక్కసారే.