ఎంఎం 540 జీపులో వాషర్ బాటిల్‌ను బానెట్ కింద నుంచి తీసి ఎక్కడ బిగిస్తే మంచిది?

ప్రశ్న (ఖమ్మం నుంచి)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1994 నాటి మహీంద్రా ఎంఎం 540 జీపు ఉంది. ఇంజిన్ దానితో వచ్చిన ప్యూజో డీజిలే. రెండేళ్లుగా కుడి భుజం నొప్పి వల్ల, పొలం గట్ల మీద బండిని మెల్లగా తిప్పవలసి వచ్చినప్పుడు స్టీరింగ్ మోయలేని బరువు అనిపిస్తోంది. అందుకని పవర్ స్టీరింగ్ పెట్టించాలని నిశ్చయించుకున్నాను. దాని పంపు, స్టీరింగ్ గేర్ బాక్సు కుదిరాయి కానీ, పవర్ స్టీరింగ్ ఆయిల్ డబ్బాకు చోటు లేదు. డ్రైవరు వైపు మడ్‌గార్డు లోపలి గోడకు, నాకంటే ముందు ఈ బండి ఉన్నవారు బిగించిన లీటరున్నర వాషర్ బాటిల్ (ముందు అద్దం కడిగే నీళ్ల డబ్బా) ఉంది. ఆ చోటు తప్ప వేరే దారి లేదని మా మెకానిక్ అంటున్నారు.

బాటిల్ పూర్తిగా తీసేసి, సీటు కింద నీళ్ల సీసా పెట్టుకోమని ఆయన సలహా. అందుకు నాకు మనసొప్పడం లేదు. వానాకాలంలో లారీ వెనక వెళ్లేటప్పుడు ఒక్క చిమ్ముతో అద్దమంతా బురద అవుతుంది. అప్పుడు నీళ్లు లేకుండా వైపర్ తిప్పితే ఉన్న కాస్త చూపూ పోతుంది. కాబట్టి బాటిల్‌ను ఎక్కడికి మార్చవచ్చో, దూరం పెరిగితే వాషర్ పంపు నీళ్లను అద్దం దాకా నెట్టగలదో లేదో, వైర్లు పొడిగించేటప్పుడు ఏం చూసుకోవాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

మీ మెకానిక్ గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పవర్ స్టీరింగ్ డబ్బా ఆ చోటనే ఉండాలి. దాని నూనె తన బరువుతోనే పంపులోకి దిగాలి కనుక డబ్బా పంపు కన్నా ఎత్తున, దగ్గరలో, లావుపాటి పైపుతో ఉండి తీరాలి. దూరంగా గానీ కిందికి గానీ పెడితే పంపు గాలి పీల్చి మూలుగుతుంది, కొన్నాళ్లకు పాడవుతుంది. వాషర్ బాటిల్‌కు అలాంటి కట్టుబాటు లేదు. దాని పంపు నీటిని వెనక నుంచి నెడుతుంది కాబట్టి బాటిల్ కొంత దూరం వెళ్లినా ఫరవాలేదు. అయితే ఆ పంపు తనంతట తాను నీటిని పైకి పీల్చుకోలేదు. లోపల తిరిగే చిన్న రెక్కల చక్రం ఎప్పుడూ నీటిలో మునిగే ఉండాలి. అందుకే బాటిల్‌ను ఎక్కడ పెట్టినా పంపు దాని అడుగునే ఉండాలి. బాటిల్ ఒకచోట, పంపు మరోచోట అంటే మాత్రం పంపు బాటిల్ అడుగు కన్నా కిందికి రావాలి.

ఎత్తు గురించి భయం వద్దు. మీటరు ఎత్తు పెరిగితే తగ్గే ఒత్తిడి సుమారు 0.1 బార్ మాత్రమే, అది పంపుకు లెక్కలోనిది కాదు. అసలు ఇబ్బంది ఆలస్యం. లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లున్న ట్యూబులో మీటరుకు సుమారు 12.5 మిల్లీలీటర్ల నీరు పడుతుంది. మూడు మీటర్ల ట్యూబు వేస్తే, నీరు వెనక్కి జారిపోయిన ప్రతిసారీ దాదాపు 38 మిల్లీలీటర్లు నిండిన తర్వాతే నాజిల్ (అద్దం మీద నీళ్లు చిమ్మే మొన) నుంచి చుక్క బయటికి వస్తుంది. బురద పడ్డ అద్దం ముందు ఆ రెండు క్షణాలే చాలా ఎక్కువ. నాజిళ్లకు ట్యూబు చీలే టీ జాయింటుకు ముందు, నీటిని ఒకవైపే పోనిచ్చే వన్‌వే వాల్వు ఒకటి వేయండి. ట్యూబు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, స్విచ్ నొక్కగానే నీళ్లు పడతాయి. వాల్వు మీద బాణం గుర్తు నాజిల్ వైపు చూడాలి. ఒకసారి నేనే తిరగేసి వేసి, పంపు పోయిందనుకొని కొత్తది కొన్నాను.

చోటు విషయానికి వస్తే, ఎడమ సీటువారి కాళ్ల దగ్గర, ఫైర్‌వాల్‌కు (ఇంజినుకు, మనుషులు కూర్చునే చోటుకు మధ్యనుండే రేకు గోడకు) లోపలి వైపు బిగించమంటాను. వేడి తగలదు, బురద పడదు, ట్యూబు మీటరున్నరకు మించదు. ప్లాస్టిక్ బాటిల్‌కు సిలికాన్ గానీ గమ్ముగానీ అంటవు, కాబట్టి ఇనప పట్టీతో చుట్టి, పట్టీకి బాటిల్‌కు మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగించాలి. నిండు బాటిల్ రెండు కిలోలకు దగ్గరగా తూగుతుంది, జీపు కుదుపులకు రెండు స్క్రూలు నిలవవు.

కొత్త బాటిల్ కొని పంపుకు రంధ్రం చేయించే పక్షంలో ఒక జాగ్రత్త ఉంది. చాలా షాపుల్లో ఇనప చువ్వను కాల్చి గుచ్చేస్తారు. కరిగిన ప్లాస్టిక్ రంధ్రం చుట్టూ గట్టులా పేరుకొని, గ్రోమెట్ (రంధ్రంలో ఇమిడే రబ్బరు చుట్టు) ఎంత బిగువుగా ఉన్నా సందు మిగులుతుంది. మెట్లమెట్లుగా ఉండే డ్రిల్ బిట్టుతో తొలిచి, అంచును బ్లేడుతో గీకి నున్నగా చేసి, గ్రోమెట్‌ను సబ్బు నీళ్లలో ముంచి ఎక్కిస్తే చుక్క కారదు.

రెండవ జవాబు (అనంతపురం నుంచి)

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూ, చేయకూడనిది ఒకటి నా అనుభవం నుంచి చెబుతాను. నేను కాళ్ల దగ్గర చోటు పోతుందని ముందు చక్రం వెనక, మడ్‌గార్డు లోపల బాటిల్ పెట్టించాను. జీపు మడ్‌గార్డుకు కార్లలాగా లోపల ప్లాస్టిక్ కవచం ఉండదు. చక్రం విసిరే ప్రతి రాయీ నేరుగా బాటిల్‌కే తగిలింది. మొదటి వానాకాలంలోనే పంపు వైరు కొక్కీ పచ్చగా తుప్పు పట్టింది. తర్వాత అడుగున సన్నని పగులు వచ్చి నీరు కారిపోయింది. అది గమనించక స్విచ్ నొక్కుతూ పోవడంతో పంపు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోయింది. నీరు లేకుండా ఆ పంపును తిప్పడం దాని ప్రాణం తీయడమే.

వైరింగ్‌కు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. పంపు తీసుకునే కరెంటు సాధారణంగా ఐదు ఆంపియర్లకు లోపే ఉంటుంది కనుక మీటరు రెండు మీటర్ల పొడిగింపుకు 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు చాలు. చేత్తో మెలేసి టేపు చుట్టవద్దు, క్రింపింగ్ (లోహపు తొడుగులో వైర్లను నొక్కి బిగించడం) చేయించి పైన వేడికి ముడుచుకునే గొట్టం వేయండి. ఎర్త్ వైరును రంగు గీకిన ఇనుము మీద బిగించండి. పాత జీపుల్లో పంపు బలహీనంగా తిరగడానికి తొంభై పాళ్లు ఎర్తే కారణమని నా నమ్మకం. వైర్లు, ట్యూబు ఫైర్‌వాల్ దాటే రంధ్రానికి రబ్బరు బుషింగ్ తప్పనిసరి, లేకపోతే రేకు అంచు నెలల్లో రెండింటినీ కోసేస్తుంది.

ఇంకో మాట. మా వైపు బోరు నీళ్లు పోస్తే నాజిల్ నోట్లో సున్నం తెల్లగా పేరుకొని పూడుకుపోతుంది. మీ ప్రాంతంలోనూ బోరే అయితే ఆర్వో నీళ్లు పోయండి. పూడుకుపోతే సన్నని కుట్టు సూదితో తీయవచ్చు, కానీ రంధ్రం పెద్దదైతే నీరు పిచికారీలా కాక ధారలా పడుతుంది.

మూడవ జవాబు (అమెరికా, మిషిగన్ నుంచి)

నేను విజయవాడవాణ్ణి, ఇక్కడ పాత జీపు ఒకటి నడుపుతున్నాను. బాటిల్ లోపల పెట్టే ఆలోచన మీకు సరిపోతుంది, ఎందుకంటే మీరు నీళ్లు పోస్తారు. ఇక్కడ చలికాలంలో నీళ్లు గడ్డకట్టి బాటిల్ పగులుతుంది కాబట్టి మిథనాల్ కలిసిన ద్రవం వాడతాం. దాని ఆవిరి పీల్చకూడదు, పైగా అది మండే గుణమున్నది. ఆ ద్రవం వాడేవారెవరూ బాటిల్‌ను మనుషులు కూర్చునే చోట పెట్టకూడదు. ఈ చర్చ చదివి ఎవరైనా షాపులో దొరికే రంగు ద్రవం కొనే ముందు దాని మీద ఏం రాసి ఉందో చదవమని కోరుతున్నాను.

ఇంకా, మూత మీది సన్నని గాలి రంధ్రం పూడకూడదు. లోపల నీళ్లు చిమ్ముతాయని కొందరు దాన్ని మూసేస్తారు. అప్పుడు నీరు తగ్గేకొద్దీ బాటిల్ బుగ్గలు లోపలికి పీక్కుపోయి, పంపు తిరుగుతున్నా ధార ఆగిపోతుంది. చిమ్మడమే ఇబ్బంది అయితే ఆ రంధ్రానికి చిన్న ట్యూబు తగిలించి నేల రేకు కిందికి వదలండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న పని పూర్తయింది. బాటిల్‌ను ఎడమ సీటువారి కాళ్ల దగ్గర, ఫైర్‌వాల్‌కు నిలువుగా బిగించాం. మొదట బిగించిన చోట మా ఆవిడ మోకాలు తగలడంతో, దాన్ని నాలుగు అంగుళాలు ఇంజిన్ సొరంగం (బండి మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే రేకు) వైపు జరపవలసి వచ్చింది. పాత రెండు రంధ్రాలకు నట్టు బోల్టు వేసి మూసేశాం. వన్‌వే వాల్వు వేయకముందు స్విచ్ నొక్కి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాక నీళ్లు పడ్డాయి. వేశాక నొక్కిన వెంటనే పడుతున్నాయి.

బాటిల్ ఖాళీ చేసిన చోట పవర్ స్టీరింగ్ డబ్బా చక్కగా కూర్చుంది. పొగగొట్టం మానిఫోల్డ్‌కు దానికి మధ్య జానెడు దూరం ఉంది, అయినా నూనె చిందితే మంటకు దారి కాకూడదని మధ్యలో రేకు తెర ఒకటి వేయించాను. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఐదేళ్లకోసారి ఆర్సీ పొడిగింపుకు వెళ్లాలి. పవర్ స్టీరింగ్ మార్పు గురించి ఆ కార్యాలయంలో ముందే అడిగి రావాలనుకుంటున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. స్విచ్ వదిలాక కూడా ఎడమ నాజిల్ నుంచి రెండు మూడు చుక్కలు జారుతున్నాయి, కుడి నాజిల్ శుభ్రంగా ఆగుతోంది. బాటిల్ నాజిల్ కన్నా కిందనే ఉంది కాబట్టి నీరు తనంతట తాను పైకి వచ్చే వీలు లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు

టీ జాయింటు నుంచి ఎడమ నాజిల్‌కు వెళ్లే ముక్క ఎక్కడో నాజిల్ కన్నా ఎత్తుగా వంగి ఉంటుంది. వాల్వు టీకి ముందే ఉంది కనుక ఆ వంపులో నిలిచిన నీరు వెనక్కి పోలేక నాజిల్ వైపు కారుతోంది. బానెట్ ఎత్తి ఆ ముక్కను అంగుళమో రెండంగుళాలో కత్తిరించి, నాజిల్ దాకా ఎత్తు పెరుగుతూ వెళ్లేలా సర్దండి. చుక్కలు ఆగిపోతాయి.