కార్తీకంలో కార్బెట్: జలపాతం, పులి రెండూ కుదురుతాయా?

బైరాగిపట్టెడ వాసి:
తిరుపతి నుంచి ఐదుగురం, నవంబర్ నెలాఖరులో ఉత్తరాఖండ్ పోవాలని. కార్బెట్ పులుల పార్క్‌లో సఫారీ, దగ్గర్లోనే ఉండే కార్బెట్ జలపాతం. వానలు పడ్డాక తలకోన దూకినట్టు అక్కడా నీళ్లుంటాయా? పార్క్ లోపలి ఢికాలా జోన్‌కి జీప్ దొరుకుతుందా? మాలో ఒకరికి 65 ఏళ్లు, మోకాళ్ల నొప్పి.

అలిపిరి మెట్లు:
మన కార్తీకం లెక్క అక్కడ పనికిరాదన్నా. తలకోన, కైలాసకోన నిండేది ఈశాన్య రుతుపవనాలకి. ఉత్తరాఖండ్‌లో వాన జూన్ ఆఖర్లో పట్టుకుని అక్టోబర్ మొదటికల్లా వెళ్లిపోతుంది. మీరు పోయేసరికి ధార ఉంటుంది, హోరు ఉండదు. ఎత్తు కూడా 20 మీటర్లే. 82 మీటర్ల తలకోన చూసిన కళ్లకి ఆనదు.

నిండుగా చూడాలంటే జూలై నుంచి సెప్టెంబర్. అప్పుడేమో పార్క్‌లో సఫారీ జోన్లయిన ఢికాలా, బిజ్‌రానీ మూసేసి ఉంటాయి. పులి ఎక్కువగా కనబడేది ఏప్రిల్, మే, జూన్‌లలో: గడ్డి ఎండిపోతుంది, గుంటలు ఇంకిపోతాయి, జంతువులన్నీ మిగిలిన నీటికే చేరతాయి. ఆ రోజుల్లో జలపాతం సన్నబడుతుంది. రెండూ కొంత కొంత చాలనుకుంటే అక్టోబర్ 15న బిజ్‌రానీ తెరవగానే పోండి. ఢికాలాయే కావాలంటే అది తెరిచేది నవంబర్ 15కే.

కొండముచ్చు 517:
ఢికాలాకి పగలు పోయి వచ్చేవాళ్లకి క్యాంటర్, అంటే తెరిచిన పెద్ద సఫారీ బండి, ఒక్కటే. జిప్సీలో (తెరిచిన చిన్న జీప్) పోవాలంటే లోపలి రెస్ట్ హౌస్‌లో రాత్రి బస బుక్ అయ్యుండాలి. అక్కడ శాకాహారమే, మందు నిషేధం. ధన్‌గఢీ గేట్ నుంచి 30 కిలోమీటర్ల పైచిలుకు మట్టి దారి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి క్యాంటర్ ఎక్కడం, దిగడం, ఆ కుదుపులు, మూడూ కష్టమే. బిజ్‌రానీ గేట్ పార్క్ పక్క ఊరు రామ్‌నగర్‌ని ఆనుకునే ఉంటుంది, జిప్సీలో ఆరుగురు పడతారు. మీకు అదే మేలు.

పర్మిట్ పార్క్ అధికారిక సైట్‌లోనే తీసుకోండి; అచ్చం అలాగే కనబడే ప్రైవేటు సైట్లు బోలెడు. బుకింగ్‌లో రాసిన గుర్తింపు కార్డే, ఒరిజినల్, చేతిలో ఉండాలి. పేరులో ఇనీషియల్ ముందుందా వెనకుందా అన్నది కూడా కార్డులో ఉన్నట్టే కొట్టండి. మనవాళ్లు గేట్ దగ్గర ఇరుక్కునేది ఎక్కువగా అక్కడే.

శేషాచలం బాట:
2022 లెక్కల్లో కార్బెట్‌లో 260 పులులు, దేశంలోకెల్లా ఎక్కువ. అయినా సాల్ చెట్ల మధ్య పది అడుగుల అవతల ఉన్నా కనబడదు. చెవులే పని చెయ్యాలి. దుప్పి ఈల వేసినట్టు ఒక్కసారి అరిచి ఊరుకుంటే పట్టించుకోవద్దు, అది దేనికైనా బెదురుతుంది. కణితి (సాంబర్ జింక) 'ఢాంక్' అని ఆగి ఆగి అరుస్తూ, పైన కొండముచ్చు ఒకే వైపు చూస్తూ దగ్గుతుంటే ఇంజన్ ఆపించి పది నిమిషాలు కదలకండి. అరుపు వినబడగానే బండి ఉరికించేవాళ్లకి దుమ్మే మిగులుతుంది.

ఇసుకలో అడుగు జాడ అంచు పదునుగా ఉంటే కొత్తది. దానిమీద మంచు చుక్కల గుంటలో, పురుగు పాకిన గీతలో ఉంటే రాత్రిదే.

పులి ఒక్కటే అనుకోకండి. రామ్‌గంగ నది ఇసుక తిన్నెల మీద ఘరియల్ మొసళ్లు ఎండ కాగుతుంటాయి, నీటికుక్కలూ కనబడతాయి. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది) ఒకటి చాలు. ఇంకా ఎక్కువ జూమ్ అయితే బండి కుదుపుకి బొమ్మ నిలవదు.

బైరాగిపట్టెడ వాసి:
బిజ్‌రానీయే ఖాయం చేస్తాం. చలి ఎంత? జలపాతం దగ్గర నడక ఉందా?

అలిపిరి మెట్లు:
తెల్లవారి సఫారీ తెరిచిన జిప్సీలో, ఎదురుగాలి. తిరుమల కొండకి వేసుకునే స్వెటర్ ఒక్కటే ఆనదు. దానిపైన గాలి చొరని జాకెట్, చెవులు మూసే టోపీ, చేతికి గ్లౌజులు. ఎండెక్కాక ఒక్కోటి తీసేసుకోవచ్చు. ఎరుపు, తెలుపు వద్దు.

జలపాతం రామ్‌నగర్ నుంచి కాలాఢూంగీ రోడ్డులో ఉంది, గేట్ దగ్గర బండి ఆపి కాస్త నడవాలి. దారి మరీ కష్టమేం కాదు, కింద రాళ్ల మీద పాచితోనే చిక్కు. హవాయి చెప్పులు మానేసి, వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేయించండి. పెద్దవాళ్లని మడుగు అంచు దాకా తీసుకుపోకండి, కాస్త ఎడంగా నిలబడినా ధార పూర్తిగా కనబడుతుంది.