ఆకాశం మార్చేసిన ఫోటోకి ఊరి పేరు పెట్టొచ్చా?

లెన్సుమూత:
వంజంగి ఫోటోలు చూసి చూసి ఒళ్లు మండి ఈ చర్చ మొదలుపెడుతున్నా. పాడేరు దగ్గర కొండ, కింద లోయ నిండా మంచు మేఘాలు, అక్కడిదాకా నిజమే. పైన మాత్రం ఎక్కడిదో ఎర్రటి ఆకాశం తెచ్చి అతికిస్తున్నారు. కింద మేఘాల మీద పడ్డ వెలుగేమో నీలం బూడిద రంగులో, సూర్యుడు ఇంకా రానప్పటిలా ఉంటుంది, పైన చూస్తే భగ్గుమంటున్న సూర్యోదయం. అది చూసి హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి జనం రాత్రంతా బండి నడుపుకుంటూ వచ్చి, చీకట్లో టార్చి పట్టుకుని కొండెక్కి, "ఫోటోలో ఉన్నట్టు లేదేంటి" అని మొహాలు వేలాడేసుకుని దిగుతున్నారు. ఎక్స్‌పోజర్ సరిచేసుకోండి, రంగులు కాస్త పెంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వేరే రోజు, వేరే చోట తీసిన ఆకాశం పెట్టి కింద ఊరి పేరు మాత్రం రాయకండి. ఊరి పేరు రాశారంటే అక్కడికి రమ్మని దారి చెప్పినట్టే.

బండిబాబ్జీ:
బ్రో, మరీ అంత సీరియస్సా. లైకుల కోసం పెట్టే ఫోటో, ఎవడూ కోర్టులో సాక్ష్యంగా చూపించట్లేదు కదా.

పెన్నాఒడ్డు:
లెన్సుమూత గారూ, నేను ఒప్పుకోను. ఫోటోగ్రఫీలో "ఉన్నది ఉన్నట్టు" ఎప్పుడుందండీ? అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రోదయం తీశాడు కదా, దాని పాత ప్రింట్లలో ఆకాశం తేలిగ్గా, మబ్బులతో కనిపిస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆయనే డార్క్‌రూమ్‌లో దాన్ని ముదురు చేస్తూ పోయి చివరికి దాదాపు నల్లగా చేసేశాడు. అసలు బ్లాక్ అండ్ వైటే అబద్ధం, లోకం రంగుల్లో ఉంటే. తలకోన జలపాతాన్ని లెన్సు ముందు వెలుగు తగ్గించే ఫిల్టర్ పెట్టి ఒక సెకను షట్టర్‌తో తీస్తే నీళ్లు పాలలా వస్తాయి, అలా ఏ కంటికైనా కనిపిస్తుందా? దాన్ని మాత్రం "వావ్" అంటాం. ఇంట్లో ఒప్పించి, సెలవు పెట్టి గండికోట వస్తే ఆ రోజు ఆకాశం చప్పగా తెల్లగా ఉంటుంది. మళ్లీ రావడానికి అందరికీ కుదరదు. 2020 అక్టోబరు నుంచి ఫోటోషాప్‌లోనే ఆకాశం మార్చే సదుపాయం ఉంది, వాడుకుంటే తప్పేంటి?

లెన్సుమూత:
ఆడమ్స్ ఫోటోలో చంద్రుడు ఆ సాయంత్రం అక్కడే ఉన్నాడండీ. ఉన్నదాన్ని ముదురు చేశాడు, ఇంకో ఊరి చంద్రుణ్ణి తెచ్చి పెట్టలేదు. మీ జలపాతంలోనూ అంతే, నీళ్లు అక్కడివే, ఆ ఒక్క సెకనులో కదిలినవే. 2012లో బ్రిటన్‌లో ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీ గెలిచిన డేవిడ్ బైర్న్ సంగతి గుర్తుందా? లిండిస్‌ఫార్న్‌లో పాత పడవల ఫోటో. మబ్బులు తర్వాత చేర్చాడని తేలాక బహుమతి వెనక్కి తీసుకున్నారు.

కాకినాడకాజా:
అది పోటీ కాబట్టి రూల్స్ ఉన్నాయి, ఇన్‌స్టాకి ఎవరు రూల్స్ పెడతారు... కానీ పత్రికలు కూడా ఏం తక్కువ తినలేదు. నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లే 1982 ఫిబ్రవరి కవరు మీద నిలువుగా పట్టడం కోసం రెండు పిరమిడ్లను కంప్యూటర్‌లో దగ్గరికి జరిపి బోలెడు చీవాట్లు తిన్నారు.

తప్పో ఒప్పో పక్కన పెట్టండి, నాకు చిరాకు తెప్పించేది పని సరిగ్గా రాకపోవడం. ముందు నీళ్లు చూడండి. గండికోట లోయలో పెన్నా నీళ్లు తెల్లటి ఆకాశాన్నే చూపిస్తుంటాయి, పైన మాత్రం నారింజ రంగు మబ్బులు! నీళ్ల సంగతి మర్చిపోతారన్నమాట. ఇంద్రధనుస్సు ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా పడుతుంది, రెండూ ఒకే ఫ్రేములో పక్కపక్కన ఉంటే అతుకే. వైడ్ లెన్స్‌తో తీస్తే చంద్రుడు చిన్న చుక్కలా రావాలి, కొండకి సగం సైజులో ఉన్నాడంటే ఎక్కడినుంచో దిగుమతి అయ్యాడని అర్థం. అన్నిటికంటే పెద్ద జోకు, "డిసెంబరు రాత్రి, గండికోట" అని రాసి లోయ మీద పాలపుంత మధ్యభాగం నిలబెట్టడం. ఆ మధ్యభాగం ఉండేది ధనూరాశి వైపు. ధనుర్మాసం అంటేనే సూర్యుడు ఆ రాశిలో ఉన్న నెల కదండీ, మరి రాత్రిపూట ఎలా కనిపిస్తుంది? మా అమ్మమ్మకి చూపించినా పట్టేస్తుంది.

బండిబాబ్జీ:
హహ్హ, ధనుర్మాసం పాయింట్ అదుర్స్. మరి ఎప్పుడు వెళ్లాలి కాజా గారూ?

కాకినాడకాజా:
ఫిబ్రవరి నెలాఖరు నుంచి తెల్లవారుజామున కనిపిస్తుంది, మే, జూన్ వచ్చేసరికి దాదాపు రాత్రంతా. అమావాస్యకి అటూ ఇటూ చూసుకోండి. జూన్ తర్వాత వానమబ్బులు, మీ అదృష్టం.

ఎర్రమల:
మాది జమ్మలమడుగు పక్కనే, కాబట్టి నన్ను కూడా మాట్లాడనీయండి. "ఆకాశం చప్పగా ఉంటే ఏం చేయాలి" అన్న పెన్నాఒడ్డు అన్నకి జవాబు: ఆకాశాన్ని ఫ్రేములోంచి తీసేయన్నా! గండికోటలో చూడాల్సింది రాయి. అందరూ గ్రానైట్ అంటారు గానీ అది క్వార్ట్‌జైట్, ఎవరో పలకలు పేర్చి మధ్యలో పగలగొట్టినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. సూర్యుడు నెత్తిన ఉంటే సగం లోయ నల్లగా, సగం తెల్లగా కాలిపోతుంది, ఏ కెమెరా రెండూ పట్టలేదు. అదే తెల్లటి మబ్బు కమ్మిన రోజు వెలుగు లోయంతా సమానంగా పడి, రాతి ఎరుపు, పగుళ్లలో మొలిచిన చెట్ల పచ్చ, అడుగున నీళ్లు, అన్నీ విడివిడిగా తెలుస్తాయి. జూమ్ లెన్సు పెట్టుకుని ఒక్కో ముక్క తీయండి. ఫోన్ అయితే 2x, 3x వాడండి, 0.5 జోలికి పోవద్దు, అందులో లోయ కాస్తా కాలవలా వస్తుంది. ఆకాశం మార్చేవాళ్లంతా మంచి వెలుగున్న రోజునే చెడ్డ రోజు అనుకుని తిరిగి పోతున్నారు, నా బాధ అది.

ఇంకో మాట. ఫోటోలో చూసిన ఎరుపు కనపడలేదని కోట గోడ అంచుల దాకా పోయి, కాలు జారే చోట నిలబడి ప్రయత్నిస్తున్నారు. అక్కడ చాలా చోట్ల కంచె కూడా లేదు.

పెన్నాఒడ్డు:
రాయి సంగతి బాగా చెప్పావు తమ్ముడూ, ఈసారి వచ్చినప్పుడు చూస్తా. కానీ అసలు ప్రశ్న తేలలేదు. ట్రైపాడ్ కదపకుండా ఆరింటికి నేల, ఆరున్నరకి ఆకాశం తీసి రెండూ కలిపితే ఏమంటారు లెన్సుమూత గారూ? చోటు అదే, రోజు అదే, వెలుగు మాత్రం వేరు.

లెన్సుమూత:
అది నాకు ఓకే. ఆ పొద్దున అక్కడ కూర్చున్నవాడు రెండూ చూశాడు.

పెన్నాఒడ్డు:
ఒకేసారి చూడలేదుగా! అరగంట తేడా ఓకే అయినప్పుడు, నిన్నటి ఆకాశం ఎందుకు కాదు? గీత ఎక్కడ గీస్తారు?

లెన్సుమూత:
నిన్నటి ఆకాశం అయితే క్యాప్షన్‌లో ఒక్క ముక్క రాయండి, "ఆకాశం వేరే రోజుది" అని. అంతకన్నా అడగట్లేదు.

పెన్నాఒడ్డు:
రాస్తే ఎవరూ చూడరు. అందుకే రాయను, ఇదీ నిజాయితీయే.

బండిబాబ్జీ:
మన ఫోనులే నైట్ మోడ్‌లో బోలెడు ఫ్రేములు తీసి వాటంతట అవే కలిపేస్తున్నాయి, మరి వాటికి క్యాప్షన్ ఎవరు రాయాలి? సరే నేను రేపటి నుంచి రాసి చూస్తా, లైకులు పడిపోతే లెన్సుమూత బ్రో అన్ని ఎకౌంట్లతో వచ్చి కొట్టాలి.