కొత్త బ్యాటరీ వేశాక వేడెక్కగానే ఆగిపోతున్న వేపరైజర్: లోపం సెల్‌దా, అతుకుదా?

పాతసామాను:
మూడేళ్లుగా వాడుతున్న నా పోర్టబుల్ వేపరైజర్ (లోపలి హీటర్‌తో వేడిచేసి ఆవిరి పీల్చే చేతి పరికరం) ఈ మధ్య ఒక్క ఛార్జింగ్‌తో రెండు విడతలకు, అంటే రెండుసార్లు వేడిచేసి వాడడానికి మించి నడవడం లేదు. అందుకని విప్పి బ్యాటరీని నేనే మార్చాను. లోపల ఉన్నది ఒకే ఒక 18650 సెల్, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే మామూలు లిథియం అయాన్ సెల్. పాతది 2500 మిల్లీ ఆంపియర్ అవర్లది కాగా, ఎలాగూ విప్పాను కదా అని 3500 సామర్థ్యం గలదాన్ని, నికెల్ పట్టీలు ముందే వెల్డింగ్ చేసి ఉన్నదాన్ని తెప్పించి వేశాను. కోసేటప్పుడు పాత తీగలు పొట్టివైపోయినందున ఎరుపు, నలుపు రెండింటినీ ఒక పాత యూఎస్‌బీ కేబుల్‌లోని తీగతో చెరో పది సెంటీమీటర్లు పొడిగించాను. సెల్ ఒంటికి అంటించి ఉన్న, వేడిని బట్టి నిరోధం మారే చిన్న పూసలాంటి థర్మిస్టర్‌ను తిరిగి అంటించడం మరిచి మూలకు నెట్టేశాను.

ఇప్పుడు ఛార్జింగ్ పూర్తయి పచ్చ దీపం వస్తోంది, తెర కూడా వెలుగుతోంది. కానీ బటన్ నొక్కిన నాలుగో సెకనుకల్లా ఖాళీ బ్యాటరీ బొమ్మ మూడుసార్లు మినుకుమని మొత్తం ఆరిపోతోంది. వెంటనే మీటరు పెట్టి చూస్తే సెల్ దగ్గర 4.12 వోల్టులు ఉన్నాయి. సెల్ నకిలీదని నా అనుమానం. తిప్పి పంపేయమంటారా?

నిదానమేప్రధానం:
సెల్ నకిలీది కాకపోవచ్చు గానీ, మీ పనికి తగినది మాత్రం కాదు. ఒకే పరిమాణంలో ఉన్న సెల్‌లలో సామర్థ్యం పెరిగితే ఒక్కసారిగా కరెంటు ఇచ్చే శక్తి సాధారణంగా తగ్గుతుంది. అందరికీ తెలిసిన రెండింటినే తీసుకుంటే, శామ్‌సంగ్ 25ఆర్ అనే 2500 సెల్ నిరంతరాయంగా 20 ఆంపియర్లు ఇవ్వగలదు. అదే కంపెనీ 35ఈ అనే 3500 సెల్ హద్దు 8 ఆంపియర్లే. తయారీదారు 2500 సెల్ వేసింది పొదుపు కోసం కాదు, హీటర్ అడిగే కరెంటు కోసం. ఎక్కువ అంకె చూసి మోసపోవడం మనందరికీ ఉన్న జబ్బే, మొదట్లో నేనూ అలాగే పడ్డాను. లోడ్ లేనప్పుడు, అంటే హీటర్ కరెంటు లాగనప్పుడు కొలిచిన 4.12 వోల్టులు ఇక్కడ దేనికీ సాక్ష్యం కావు.

టంకంపొడి:
నిదానం గారి మాట సూత్రంగా సరైనదే గానీ, నిండుగా ఉన్న సెల్ నాలుగు సెకన్లలో చేతులెత్తేయడానికి అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు సెల్‌ను తిట్టే ముందు మన చేతి పనిని చూసుకోవాలి. యూఎస్‌బీ కేబుల్‌లో ఉండే తీగలు చాలావరకు 28 గేజ్‌వి (గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది), వెంట్రుకల్లాంటి పోగులు. అవి హీటర్ కరెంటు మోయడానికి పుట్టినవి కావు. హీటర్ నడుస్తుండగానే ఒకసారి సెల్ పట్టీల మీద, మరోసారి పరికరాన్ని నడిపే సర్క్యూట్ బోర్డు మీద తీగలు అతికిన చోట వోల్టేజీ కొలవండి. ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తే మన వాదన తేలుతుంది. కొలిచేటప్పుడు మీటరు మొనలు జారి సెల్ ప్లస్ కొసనూ దాని ఒంటినీ ఒకేసారి తాకకుండా చూసుకోండి. సెల్ ఒళ్లంతా మైనస్సే, మధ్యలో ఉన్నది పలచని తొడుగూ చిన్న వాషరూ మాత్రమే.

అడ్డదారి:
ఇంత కొలతల గోల అక్కరలేదు. ఆ థర్మిస్టర్ పూస ఇప్పుడు హీటర్ వైపుకు జరిగి వేడెక్కి బోర్డును ఆపేస్తూ ఉండవచ్చు. 25 డిగ్రీల దగ్గర దాని నిరోధం సాధారణంగా పది కిలో ఓమ్‌లు ఉంటుంది కాబట్టి, దాన్ని తీసేసి ఆ స్థానంలో పది కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే బోర్డు ఎప్పటికీ చల్లగానే ఉన్నట్లు భావిస్తుంది. నేను రెండు పరికరాలకు ఇలాగే చేశాను, నడుస్తున్నాయి.

టంకంపొడి:
దీన్ని గట్టిగా ఖండించక తప్పదు. ఆ పూస సెల్ ఎంత వేడిగా ఉందో చెప్పే ఒకే ఒక కన్ను. సెల్ లోపలి రెండు పొరలనూ వేరుచేసే పాలిథిలీన్ పొర దాదాపు 130 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది, ఆ తరువాత జరిగేది ఎవరి చేతిలోనూ ఉండదు. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది; దాన్ని ఆపేది కూడా ఆ పూసే. పైగా ముఖం దగ్గర పెట్టుకుని వాడే వస్తువులో ఈ పని చేయమని చెప్పడం నాకు అర్థం కావడం లేదు. రెండు పరికరాలు నడుస్తున్నాయంటే వాటిలో సెల్ ఇంతవరకు వేడెక్కలేదని మాత్రమే అర్థం.

అడ్డదారి:
మీరు మరీ భయపెడుతున్నారు. అయినా ఆయన పరికరంలో పూస వదులుగానే ఉంది కదా, అది ఇప్పుడు మాత్రం దేన్ని కాపాడుతోంది?

టంకంపొడి:
దేన్నీ కాపాడడం లేదు. అందుకే వేడికి తట్టుకునే కాప్టన్ టేపుతో దాన్ని వెంటనే సెల్ ఒంటికి అంటించమంటున్నాను.

పాతసామాను:
పూసను సెల్‌కు అంటించాను, అయినా నాలుగో సెకనుకే ఆగింది. టంకంపొడి గారు చెప్పినట్లు కొలిచాను. హీటర్ వెలగకముందు రెండు చోట్లా 4.14 వోల్టులు ఉన్నాయి. ఆగిపోయే ముందు క్షణంలో సెల్ పట్టీల దగ్గర 3.72, బోర్డు దగ్గర 3.21 ఉన్నాయి. పొడిగించిన తీగను ముట్టుకుంటే చురుక్కుమంది. హీటర్ నిరోధం మీటరులో 0.9 ఓమ్‌లు చూపించింది, పెట్టె మీద మాత్రం 28 వాట్లు అని రాసి ఉంది.

నిదానమేప్రధానం:
ఆ 0.9ని నమ్మకండి. మామూలు మల్టీమీటరుకు తన తీగల నిరోధమే అందులో సగం ఉండవచ్చు. 28 వాట్లు, మూడున్నర వోల్టులు అనుకుంటే కరెంటు 8 ఆంపియర్లు. సెల్ లోపల పోయింది 0.42 వోల్టు, తీగల్లోనూ అతుకుల్లోనూ పోయింది 0.51. నేను తప్పు పట్టిన సెల్ కన్నా తీగే ఎక్కువ తిన్నదని ఒప్పుకుంటున్నాను. 28 గేజ్ తీగ మీటరుకు సుమారు 0.21 ఓమ్ ఉంటుంది, మీ రెండు ముక్కలూ కలిపి 20 సెంటీమీటర్లు కాబట్టి అందులోనే 0.34 వోల్టు పోతుంది, మిగిలిన 0.17 అతుకుల ఖాతాలోది. మొత్తం నాలుగు వాట్ల వేడి మీ తీగల్లోనే పుడుతోంది. బోర్డు 3.2 దగ్గర ఆపేస్తోందని కూడా తేలింది.

పాతసామాను:
20 గేజ్ సిలికాన్ తీగ వేసి, అతుకులను తుడిచి, టంకం బాగా అంటడానికి ఫ్లక్స్ రాసి మళ్లీ టంకం పెట్టాను. టంకం పెట్టే వేడి ఇనుమును నికెల్ పట్టీ కొసకే ఆనించాను, సెల్‌కు తగలనీయలేదు. ఇప్పుడు బోర్డు దగ్గర 3.62 వోల్టులు వస్తున్నాయి, విడత పూర్తిగా నడుస్తోంది. అయితే ఛార్జ్ సగానికి వచ్చేసరికి మళ్లీ పాత కథే.

నిదానమేప్రధానం:
ఇక్కడ నా వాదన తిరిగి వస్తుంది. సగం ఛార్జ్ దగ్గర సెల్ విశ్రాంతి వోల్టేజీ (లోడ్ లేనప్పటిది) 3.65 అనుకుంటే, లోపల 0.42, తీగల్లో 0.1 పోగా బోర్డుకు చేరేది 3.13 మాత్రమే. 3500లో సగం వాడుకోలేకపోతే మీ చేతికి వచ్చింది 1750. అంతర్గత నిరోధం సగం ఉన్న 2500 సెల్ అయితే 0.2 వోల్టే తింటుంది, అదే స్థితిలో 3.35 ఇస్తుంది.

పాతసామాను:
20 ఆంపియర్ల 2500 సెల్ వచ్చింది. కొలిస్తే 3.5 వోల్టులే ఉండడంతో ఇదీ పాడైనదేనని పెట్టె మళ్లీ మూసేయబోయాను.

టంకంపొడి:
విమానంలో విడిగా పంపే లిథియం అయాన్ సెల్‌లను 30 శాతం ఛార్జ్‌కు మించి పంపకూడదనే నియమం 2016 నుంచి ఉంది. కొత్త సెల్ అంత తక్కువ వోల్టేజీతో రావడం మామూలే. ముందు నిండా ఛార్జ్ చేసి తరువాత తీర్పు చెప్పండి.

పాతసామాను:
నిండా ఛార్జ్ చేశాక ఏడో విడత చివర ఆగింది. ఒక నిమిషం ఆగి కొలిస్తే సెల్ 3.48 దగ్గర ఉంది. పూస సెల్ మీదే ఉంది, తీగ గోరువెచ్చగా కూడా లేదు.

అడ్డదారి:
సంతోషం. రెసిస్టర్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

టంకంపొడి:
నాదీ మారలేదు.